గొంతెత్తకూడని అడవి

రేవు గది,
సీజను మొదలైన రెండో వారం

వదినకి,

మూడు లాంచీలు వచ్చాయి, మూడు లాంచీలు పోయాయి, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. "ఇక్కడ ఫోను పలకదు, అదే మా ప్రత్యేకత" అని మీ కంపెనీ పుస్తకంలో గొప్పగా అచ్చేయించింది నువ్వే కదా. అలాంటప్పుడు వారానికో ఉత్తరం రాయడం నీ బాధ్యత. బాధ్యత గల టూర్ల కంపెనీలో పని చేస్తున్నావు మరి. అన్నయ్యకి రాయడం చేతకాదని నాకెలాగూ తెలుసు, నిన్ను కట్టుకున్నదే అందుకు.

అమ్మ నాకంటే బాగుంది. వచ్చిన వాళ్ళకి వండిపెట్టే పని తనకి ఇచ్చిన దగ్గర్నుంచి నన్ను వంటగదిలోకి రానివ్వడం లేదు. అన్నం ఉడికిందంటే రేవు మెట్ల మీద నిలబడి ఒక్క కేక వేస్తుంది. అవతలి ఒడ్డున వలలు బాగు చేసుకునేవాళ్ళు కూడా లేచి చేతులు కడుక్కుంటారు.

ఇక అసలు విషయం. ఈ వారం పద్నాలుగు గుడ్లు పోయాయి. మడ అడవిలో చెక్కల బాటకి రెండు పక్కలా కొంగలు గూళ్ళు పెట్టాయి. ఎవరైనా గట్టిగా అరిచారంటే గుంపంతా ఒక్కసారిగా లేస్తుంది. లేచేటప్పుడు కాళ్ళు తగిలి గుడ్లు నీళ్ళలో పడుతున్నాయి, మిగిలినవి కాకులు తన్నుకుపోతున్నాయి. వచ్చేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. గుడ్డ సంచులు, స్టీలు సీసాలు తెచ్చుకుంటారు. ప్లాస్టిక్ కవరు కనిపిస్తే పాముని చూసినట్టు ఉలిక్కిపడతారు. అదే మనిషి పిల్లకొంగ కనిపించగానే "అదిగో అదిగో" అని అడవి అదిరేలా కేకేస్తాడు. "నిశ్శబ్దం" అని బోర్డు పెట్టాను. దాని పక్కన నిలబడి నవ్వుతూ ఫొటోలు దిగుతున్నారు.

సీజను చివర ప్రభుత్వం తరఫున తనిఖీ ఉందన్నావు. గూళ్ళు ఖాళీగా కనిపిస్తే మన టూర్లకి గుర్తింపు రాదు. గుర్తింపు రాకపోతే ఈ ఒడ్డంతా హోటలు వాళ్ళకి లీజుకి పోతుంది. వాళ్ళ ప్లాను నేను కళ్ళారా చూశాను, మడచెట్లు కొట్టేసి మోటారు పడవలకి రేవు కడతారట. ఊళ్ళో పదహారు ఇళ్ళ వాళ్ళ చేత చెట్లు కొట్టడం మాన్పించి ఈ పనిలోకి దింపింది నేను. ఇప్పుడిది చేజారితే వాళ్ళకి నా మొహం ఎలా చూపించను? నీ బుర్రలో ఏదైనా ఉపాయం ఉంటే వెంటనే పంపు.

నీ మరదలు


ఆఫీసు, మూడో అంతస్తు,
గురువారం మధ్యాహ్నం

మరదలు పిల్లకి,

మొదటి ఉత్తరంలోనే ఆడపడుచుతనం చూపించావు, సంతోషం. రాయకపోవడం నా తప్పే. మూడు పుస్తకాలు ఒకేసారి అచ్చుకి వెళ్తున్నాయి, నా బల్ల మీద టీ గ్లాసు పెట్టుకోవడానికి కూడా చోటు లేదు.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. బోర్డులు పెడితే వింటారటే పిచ్చి మొహమా? పదకొండేళ్ళుగా ఈ సూచనల పుస్తకాలు రాస్తున్నాను, వీళ్ళ నాడి నాకు తెలుసు. "దయచేసి నెమ్మదిగా మాట్లాడండి" అంటే ఒక్కడూ వినడు. "ఇది ఇక్కడివారి ఆచారం" అని చూడు, చెప్పులు విప్పి చంకలో పెట్టుకుంటారు. స్థానికుల మనసు నొప్పించడమంటే వాళ్ళకి అంత భయం. పర్యావరణం కంటే కూడా.

అందుకని కొత్త పేజీ ఒకటి రాసి అచ్చేయించాను, రెండు వందల కాపీలు ఇదే లాంచీలో వస్తున్నాయి. "మడ చెట్ల మధ్య ఉన్నంతసేపు ఎవరూ గొంతెత్తరు. ఆపద వచ్చినా అరవరు. ఇది ఇక్కడివారి తరతరాల ఆచారం. మనమూ గౌరవిద్దాం." అంతే, నాలుగు వాక్యాలు. ఎవరికీ నష్టం లేదు, కొంగలకి లాభం. అత్తయ్యకి ముందే చెప్పి ఉంచు, లేకపోతే నవ్వి మొత్తం బయటపెట్టేస్తారు.

మీ అన్నయ్య "నాకు రాయడం చేతకాదని ఎవరన్నారు" అంటున్నారు. అంటున్నారే గానీ పెన్ను మాత్రం ముట్టుకోవడం లేదు.

వదిన


రేవు గది,
ఆదివారం

వదినకి,

నీ పేజీ చదివాను. మా ఆచారమా? తరతరాలదా? నా తరంలో లేదు, అమ్మ తరంలో లేదు, ఇంకే తరం నుంచి పట్టుకొచ్చావు? "ఆపద వచ్చినా అరవరు" అనేది ఎందుకు రాశావసలు? ఇంత నిబ్బరంగా అబద్ధం రాసే మనిషితో మా అన్నయ్య ఎలా కాపురం చేస్తున్నాడో అనిపించింది.

అమ్మకి చదివి వినిపించాను. నవ్వి నవ్వి పొలమారింది. "నేనిక్కడ పుట్టి అరవై నాలుగేళ్ళయింది, ఈ అడవిలో నేను వెయ్యని కేక లేదు. నాకు తెలియని ఆచారం మీ వదినకెలా తెలిసిందే?" అంది.

అయితే ఒప్పుకోవాలి. పని చేసింది. మొన్న వచ్చిన పన్నెండు మందీ రేవులోనే ఆ పేజీ చదివారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతే. రెండు గంటల సేపు అడవిలో పిల్లుల్లా నడిచారు. ఒకాయనకి తుమ్ము వస్తే టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా ఆపుకున్నాడు. బయటికొచ్చాక ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, మీ పెద్దలు ఎంత గొప్పవాళ్ళో అంది. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

ఈ వారం ఒక్క గుడ్డు కూడా పోలేదు. సిగ్గుగా ఉంది, సంతోషంగానూ ఉంది. రెండూ రాసేశాను, నీకేది కావాలో అది తీసుకో.

నీ మరదలు


ఆఫీసు,
నెలాఖరు

మరదలు పిల్లకి,

చూశావా మరి. ముందు తిట్టడం, తర్వాత మెచ్చుకోవడం, మీ ఇంటి వాళ్ళందరి తీరూ ఒకటే.

మా సారుకి ఆ పేజీ తెగ నచ్చింది. ఇంకో కబురు విను. తనిఖీ మేడమ్ మన పుస్తకం ముందుగా తెప్పించుకుని చదివిందట. ఆ నాలుగు వాక్యాల కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, "ఇది స్వయంగా చూడాలి" అని రాసి పంపింది. అది చూడగానే పట్టుబడ్డామనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఇందులో భయపడాల్సిందేమీ లేదు. ఆవిడ వచ్చే రోజుకి అడవి నిశ్శబ్దంగా ఉంటే చాలు. ఇప్పుడైతే ఆ పేజీ తీసెయ్యడం కుదరదు.

వదిన


రేవు గది,
సీజను చివరి నెల

వదినకి,

ఇది నువ్వు అనుకున్నంత తేలిక కాదు. చెప్తాను, నవ్వకుండా చదువు.

భోజనాల దగ్గర అతిథులు అమ్మని అడుగుతున్నారు, ఈ ఆచారం ఎలా మొదలైందని. మొదట్లో ఏదో అని దాటేసేది. ఒకరోజు ఊరికే సరదాకి, మా అమ్మమ్మ కూడా అడవిలో గుసగుసగానే మాట్లాడేదండీ అంది. వాళ్ళు చెంచాలు పక్కన పెట్టి వింటుంటే ఇంకొంచెం కలిపింది. పోయిన వారం ఇంకొంచెం. నిన్న అదే కథ చెప్తూ కళ్ళు తుడుచుకుంది. అమ్మా, ఇది నువ్వు పుట్టించిన కథే కదా అని తర్వాత అడిగితే, "ఏమో, అమ్మమ్మ నెమ్మదిగానే మాట్లాడేదిలే" అంది.

ఒక్క అమ్మే కాదు. లాంచీ నడిపే ఆయన మలుపు దగ్గర హారన్ కొట్టడం మానేశాడు. వల అల్లే తాత పడవలో పాడుకుంటూ వెళ్ళేవాడు, ఇప్పుడు పెదవులు కదుపుతున్నాడు గానీ శబ్దం లేదు. అడవిలో దగ్గానని పక్కింటావిడ నన్నే కోప్పడింది. "నువ్వే ఇలా చేస్తే ఎలా, గైడువి కదా" అంది. ఆవిడకి ఆ పేజీ చదివి వినిపించిందే నేను వదినా.

మన చేతిలోంచి జారిపోతోంది ఇది. తీసేద్దాం. గూళ్ళు నిండాయి, పిల్లలు ఎగురుతున్నాయి. కావాలంటే గుడ్ల సంగతి ఉన్నదున్నట్టు అతిథులకి నేనే చెప్తాను.

నీ మరదలు


ఆఫీసు,
బుధవారం

మరదలు పిల్లకి,

రెండు వారాలు ఓపిక పట్టు. తనిఖీ అయిపోగానే కొత్త పుస్తకం వేస్తాం, అందులో ఆ పేజీ ఉండదు, నాదీ పూచీ. ఇప్పుడు తీస్తే ఆవిడకి అనుమానం వస్తుంది, నీ పదహారు ఇళ్ళూ రోడ్డున పడతాయి.

ఆ రోజు మాత్రం జాగ్రత్త. ఎవరూ గొంతెత్తకుండా చూడు. ముఖ్యంగా అత్తయ్యని. అన్నం ఉడికింది అని ఆవిడ ఒక్క కేక వేశారంటే మన కథ అక్కడితో సరి.

వదిన


రేవు మెట్లు,
తనిఖీ రోజు, సాయంత్రం

వదినా,

అమ్మని ఈ లాంచీలోనే పంపిస్తున్నాను. అన్నయ్యని ఆసుపత్రి బండితో మీ వైపు రేవుకి రమ్మను. చీటీ లాంచీ నడిపే ఆయన చేతికిచ్చాను, అటు రేవు చేరగానే ముందు దీన్నే నీకు పంపిస్తాడు.

పొద్దున ఆటుకి నీళ్ళు తగ్గాక అమ్మ ఎండుపుల్లలకని అడవిలోకి వెళ్ళిందట. చెక్కల బాట రెండో మలుపు వెనక బురదలో వేళ్ళ మధ్య కాలు దిగబడి పక్కకి పడింది. తుంటి ఎముక విరిగినట్టుంది. పోటు వచ్చి నీళ్ళు ఛాతీ దాకా లేచాయి. వల అల్లే తాత పడవలో వస్తూ చూశాడు గనక సరిపోయింది. అప్పటికి నాలుగు గంటలు అక్కడే ఉంది. పెదవులు నీలంగా అయిపోయాయి.

నాలుగు గంటలూ అమ్మ అరవలేదు. తనిఖీ మేడమ్ అడిగింది, ఎందుకు ఎవరినీ పిలవలేదని. మా ఆచారం అని చెప్పాను. ఆవిడ అమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చింది.

నేను రాలేకపోతున్నాను. ఎనిమిది మంది అతిథులు ఉన్నారు, వాళ్ళనొదిలి వస్తే బాగుండదు. అమ్మ జాగ్రత్త.


ఆసుపత్రి వరండా,
పదో రోజు

మరదలు పిల్లకి,

ఆపరేషను బాగానే జరిగింది. తుంటిలో ఇనుప కడ్డీ వేశారు. నీళ్ళలో ఉండిపోవడం వల్ల ఊపిరితిత్తుల్లో చెమ్మ చేరింది, దానికి మందులు నడుస్తున్నాయి. ఎల్లుండి మా ఇంటికి తీసుకెళ్తాం. రాత్రుళ్ళు మీ అన్నయ్య, పగలు నేను.

గుర్తింపు వచ్చింది. నిన్న ఆఫీసుకి కాగితాలు చేరాయి. ఒడ్డు ఊరివాళ్ళ చేతుల్లోనే ఉంటుంది, హోటలు వాళ్ళ దరఖాస్తు కొట్టేశారు. సారు అందరికీ మిఠాయి పంచాడు, నా చేతిలో కూడా పెట్టాడు. నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. నివేదిక మొదటి పేజీలోనే అత్తయ్య గురించి ఉంది. "ప్రాణం మీదికి వచ్చినా అడవి నిశ్శబ్దాన్ని భంగపరచని ఒక వృద్ధురాలిని ఇక్కడ చూశాను. ఇంత సజీవమైన సంస్కృతి నాకు మరెక్కడా కనిపించలేదు." ఆ వాక్యం చదివి బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని కూర్చున్నాను. "ఆపద వచ్చినా అరవరు" అన్నది నేను. ఎందుకు రాశావని నువ్వు అప్పుడే అడిగావు. వాక్యం బాగా పలుకుతుందని రాశాను, ఇంకేమీ లేదు.

నివేదిక కాపీ దీంతో జత చేశాను. వెనక మీ అడవిలో ఆ రోజు నమోదు చేసిన పక్షుల జాబితా ఉంది, ముప్పై ఏడు రకాలట.

ఇంకో సంగతి నీకు చెప్పకుండా ఉండలేను. అత్తయ్య ఎవరినీ పిలవడం లేదు. నిన్న పక్క మంచం ఆవిడ చెప్పింది. సెలైను అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కుతుంటే చూస్తూ పడుకున్నారట. మధ్యాహ్నం నేను మందులకి కిందికి వెళ్ళొచ్చేసరికి పక్క తడిసిపోయి ఉంది. నర్సు నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంది. ఎందుకు పిలవలేదు అత్తయ్యా అంటే, "ఆ అమ్మాయి పనిలో ఉంది" అన్నారు. ఒక ఊరిని భోజనానికి లేపిన గొంతు అది. నాకు భయంగా ఉంది. నువ్వొకసారి రావే.

వదిన


రేవు గది,
శనివారం

వదినకి,

ఉత్తరం, నివేదిక అందాయి. అమ్మకి ఆపరేషను బాగా జరిగినందుకు సంతోషం.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. గుర్తింపు వచ్చిన దగ్గర్నుంచి రెండు గుంపులు అదనంగా వస్తున్నాయి. ఊళ్ళో అందరూ అమ్మ గురించే చెప్పుకుంటున్నారు. అమ్మ పడిన చోటు చూపించమని అతిథులు అడుగుతున్నారు. నేను చూపించడం లేదు.

పెద్ద వయసులో అలా నీరసపడడం మామూలే, దానికి కారణాలు వెతకొద్దు. మందులు వేళకి వెయ్యి. ఇప్పట్లో రావడానికి కుదరదు.

మరదలు


మా ఇల్లు, వెనక గది,
మంగళవారం పొద్దున

నీకు,

"మరదలు పిల్లకి" అని రాయబుద్ధి కావడం లేదు, ఏమీ అనుకోకు.

నిన్న అత్తయ్యకి తల దువ్వుతూ మాటల్లో అన్నాను, మీరు ఒక్క కేక వేసి ఉంటే ఇంత బాధ తప్పేది కదా అని. ఆవిడ మామూలుగా, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు చెప్పారు. "వేశానే. మూడుసార్లు వేశాను."

దువ్వెన పక్కన పెట్టి అంతా అడిగాను.

పది గంటలప్పుడు చెక్కల బాట మీద మీ అడుగులు వినిపించాయట. నలభై అడుగుల దూరం కూడా లేదట. నిన్ను చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచారట. అడుగులు ఆగాయట. ఎవరో ఆడమనిషి అదేమిటని అడిగిందట. "అదొక పిట్ట" అని నీ గొంతు వినిపించిందట. మళ్ళీ పిలిచారు, మళ్ళీ అదే మాట. మూడోసారి పిలిచేసరికి అడుగులు దూరమైపోయాయట. "దానికి పనుంది కదా, ఆ రోజు ముఖ్యమైన రోజు. ఇక పిలిస్తే బాగుండదని ఊరుకున్నాను" అన్నారు. ఆ తర్వాత, "నన్ను పిట్టని చేసింది చూడు" అని నవ్వారు కూడా. నీతో అనొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు. ఆ ఒట్టు ఇప్పుడు తీసి గట్టున పెడుతున్నాను.

జ్వరంలో ఏదో అనిపించి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుందామనుకున్నాను. తర్వాత నా దగ్గరున్న నివేదిక కాపీ తీసి వెనక జాబితా చూశాను. చివరి వరస, నీకు కాపీ పంపినప్పుడు కంటికి ఆనలేదు. "37. పిలుపుపిట్ట. స్థానికుల పేరు. కనిపించలేదు, గొంతు మాత్రం మూడుసార్లు విన్నాం."

నేనూ శుద్ధపూసని కాదు. నీ దగ్గర ఒకటి దాచాను. మొదటి నెలలోనే మా సారు ఆ నాలుగు వాక్యాలూ 'మడ' అన్న మాట ఒక్కటి తీసేసి మిగతా మూడు టూర్ల పుస్తకాల్లోకి ఎక్కించాడు. కొండ మీద ఒకటి, ద్వీపాల్లో రెండు. అక్కడి వాళ్ళెవరో, వాళ్ళ మాటేమిటో నేను చూసింది లేదు. వద్దని ఒక్క మాట కూడా అనలేదు. అచ్చు తప్పులు దిద్ది పంపించాను. ఇప్పుడు ఇంకెంతమంది ఎక్కడెక్కడ నోరు మూసుకుంటున్నారో.

ఆఫీసులో ఈరోజే చెప్పేశాను, ఆ పేజీ నేను కల్పించిందని రాతపూర్వకంగా ఇచ్చాను. నన్ను ఉంచుతారో తీస్తారో వాళ్ళిష్టం. నీ వైపు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, మీ అన్నయ్యకి కూడా. అది చెప్పాల్సింది నేను కాదు.

ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు విన్నావా లేదా?

వదిన


రేవు గది,
గురువారం

వదినకి,

విన్నాను.

ఎవరిదో అనుకున్నానని రాద్దామని నాలుగు కాగితాలు చింపేశాను. అమ్మ గొంతు తెలియకపోవడం ఉంటుందా? మొదటి కేకకే తెలిసింది. అన్నం గురించో, పుల్లల మోపు ఎత్తమనో పిలుస్తోందనుకున్నాను. పడిపోయిందని నాకు తోచలేదు, అది మాత్రం నమ్ము. నాకు తోచిందల్లా ఒళ్ళుమంట. ఎన్నిసార్లు చెప్పాను ఈ ఒక్కరోజు నోరు అదుపులో పెట్టుకోమని, మొత్తం ముంచేసింది కదా అని. తనిఖీ మేడమ్ ఆగి నా వైపు చూసింది. నా నోటి నుంచి దానంతటదే వచ్చింది, అదొక పిట్ట అని. పేరేమిటని అడిగింది. పిలుపుపిట్ట అంటాం, చాలా అరుదు అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. అక్కడే ఆగి రాసుకుంది. రెండో కేక వినిపించినప్పుడు చెయ్యెత్తి అందరినీ వినమంది. మా అమ్మ బురదలో పడి నన్ను పిలుస్తుంటే పదిమందిమి తలలు వంచి శ్రద్ధగా విన్నాం వదినా.

మూడోసారి గొంతు మారింది. ఆ తేడా నాకు తెలిసింది. అయినా పదండి పదండి అని వాళ్ళని ముందుకి నడిపించాను. అతిథులని విడిచి రాలేనన్నది అబద్ధం. తన పక్కన లాంచీలో కూర్చుంటే నా మొహం చూస్తుందని ఎక్కలేదు.

నేను చేసింది తను విన్నదని నాకు తెలియదు. నీ ఉత్తరం చదివాకే తెలిసింది. అమ్మ నన్ను ఏమీ అనకపోవడం, నవ్వడం, అది నేను భరించలేకపోతున్నాను. నాలుగు తిట్లు తిట్టినా బతికిపోదును.

నిన్న ఊరివాళ్ళందరినీ వంటశాల వరండాలో కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆచారం సంగతి, పిట్ట సంగతి, రెండూ. పక్కింటావిడ లేచి వెళ్ళిపోయింది. వల అల్లే తాత, ఇప్పుడు ఆ కాగితం వెనక్కి తీసుకుంటారా, ఒడ్డు పోతుందా అని అడిగాడు. పోవచ్చు అన్నాను. "నువ్వు చెప్పకపోతే పోదు కదా" అన్నాడు. అవునన్నాను. ఆయన నా వైపు చూడలేదు. ఇంకో ఇద్దరు నన్ను గైడుగా వద్దన్నారు. సరేనన్నాను. గూళ్ళు నిజం, పిల్లకొంగలు నిజం, వాటి లెక్క చూసి మళ్ళీ తనిఖీ చెయ్యమని అడుగుదాం అని చివరికి నలుగురు ఒప్పుకున్నారు. పదహారిళ్ళలో నాలుగు.

ఆపద వస్తే గొంతు చించుకుని అరవండి అని మాత్రం అందరికీ చెప్పాను. కొంగల గుడ్లు పడితే పడనీ.

తనిఖీ మేడమ్‌కి రాసిన ఉత్తరం నకలు కింద ఉంది. ఇదే లాంచీలో నేనూ వస్తున్నాను. ఈ ఉత్తరం నీ చేతికిచ్చేది నేనే, గుమ్మంలో నిలబడి నువ్వు చదివేదాకా ఆగుతాను. లోపలికి రమ్మంటే వస్తాను. అమ్మ ఇక ఎవరినీ పిలవక్కర్లేకుండా మంచం పక్కనే పడుకుంటాను.

నీ మరదలు


నకలు

తనిఖీ మేడమ్ గారికి,

నమస్కారం. మా అడవిలో గొంతెత్తకూడదనే ఆచారం ఎప్పుడూ లేదు. కొంగల గుడ్లు కాపాడుకోవడానికి దాన్ని ఈ సీజనులోనే కల్పించారు. అది అబద్ధమని తెలిసీ మీకు నిజమని చెప్పింది నేను. మీరు ఎవరి పక్కన కూర్చుని ఏడ్చారో ఆ పెద్దావిడ నిశ్శబ్దంగా ఉండలేదు, సాయం కోసం పిలిచింది. మీ నివేదికలో ఆ వాక్యం దిద్దండి. గుర్తింపు ఉంచాలో తీసెయ్యాలో మీరే నిర్ణయించండి. ఊరివాళ్ళ తప్పు ఇందులో లేదు.

పక్షుల జాబితా కూడా దిద్దాలి. మొదటి ముప్పై ఆరూ సరైనవే, ఎప్పుడు వచ్చినా చూపిస్తాము. ముప్పై ఏడోది కొట్టేయండి. అది మా అమ్మ.

ఆ రోజు మీ ముందు నడిచిన గైడు